ఓవెన్‌లో బోన్‌లెస్ చేప: ఏ చేప తీసుకోవాలి, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు

పామర్రు సెంటర్‌లో రెండు దారుల చేపలు కలుస్తాయి. బందరు వైపు నుంచి గిలకలదిండి హార్బర్‌లో దిగిన సముద్రపు చేప వస్తుంది. గుడివాడ రోడ్డు పట్టుకుని కైకలూరు, కొల్లేరు వైపు చెరువుల చేప వస్తుంది. ఏది వచ్చినా ఇక్కడి ఇళ్లలో రెండే పనులు: పులుసు, లేకపోతే వేపుడు. ఓవెన్ ఉన్న ఇళ్లు ఇప్పుడు బాగానే పెరిగాయి గానీ, అది కేకుకీ, ఈద్‌కి నాన్‌ఖటాయికీ తప్ప మూత తెరుచుకోదు.

ఒకసారి అందులో చేప పెట్టి చూసినవాళ్లు కూడా చాలామంది రెండోసారి పెట్టలేదు. ముక్క ఎండిపోయి రబ్బరులా సాగింది. లేదా ట్రే నిండా నీళ్లు ఊరి ఉడకబెట్టిన చేపలా తయారైంది. లేదా మసాలా ఎంత పట్టించినా మట్టి వాసన పోలేదు. తప్పు ఓవెన్‌ది అనుకుని మళ్లీ బాండీ పొయ్యి మీద పెట్టేశారు. నిజానికి ఈ మూడింట్లో రెండు ఓవెన్ స్విచ్ వేయకముందే జరిగిపోయిన పొరపాట్లు.

ఇంత తంటా ఎందుకు అంటే, ఇంట్లో ముగ్గురి కోసం. ముల్లు భయంతో చేపంటేనే పారిపోయే పిల్లలు. కళ్లు సరిగా ఆనక ముల్లు తీసుకోలేని దాదీమా, నానీమా. నూనె తగ్గించమని డాక్టర్ చెప్పాక వేపుడు పళ్లెం వైపు చూస్తూ కూర్చునే అబ్బాజాన్. అర కిలో ముక్కలు వేపడానికి బాండీలో పావు లీటరు నూనె పోయాలి. ఓవెన్‌కి ఒక టేబుల్‌స్పూన్ చాలు. మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచే గొడవ కూడా ఉండదు.

అన్ని చేపలూ బోన్‌లెస్ కావు

మన దగ్గర ఎక్కువగా దొరికేవి శీలావతి, బొచ్చె. రుచికి లోటు లేదు. కానీ ఈ జాతి చేపల కండ లోపల, నడిముల్లుతో సంబంధం లేకుండా, ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో సన్నటి ముళ్లు ఉంటాయి. నడిముల్లు తీసేసినా అవి కండలోనే మిగులుతాయి. పులుసులో, వేపుడులో పెద్దవాళ్లు ఏరుకుంటూ తింటారు కాబట్టి సరిపోతోంది. బోన్‌లెస్ అని చెప్పి పిల్లాడి ప్లేటులో వేయడానికి మాత్రం ఇవి పనికిరావు. ఎంత నేర్పరి కోసినా అంతే.

ఓవెన్‌కి మొదటి ఎంపిక పండుగప్ప. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ పెరిగే చేప ఇది. కండ తెల్లగా, గట్టిగా, మందంగా ఉంటుంది. కండలో చిన్న ముళ్ల బెడద లేదు. రేటు ఎక్కువే. కొరమేను కూడా బాగుంటుంది, కాకపోతే దాని రేటు చూశాక చాలామందికి పులుసే గుర్తొస్తుంది.

ఖర్చు తక్కువలో కావాలంటే తిలాపియా, పంగాసియస్. ఉంగుటూరు మండలం మణికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వారు గిఫ్ట్ రకం తిలాపియా పిల్లలను ఉత్పత్తి చేస్తున్నారు. ఈ రకం 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన పరిశోధనతో వచ్చింది. మామూలు తిలాపియా కంటే తొందరగా, పెద్దగా పెరుగుతుంది. ఫిల్లెట్ తీయాలంటే చేప పెద్దదిగా ఉండాలి, అరచేతిలో పట్టే తిలాపియాతో పని జరగదు. పంగాసియస్‌ని మార్కెట్లో ‘ఫంగస్’ అని పిలవడంతో సగం మంది పేరు వినే వెనక్కి తగ్గుతారు. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో ‘బాసా ఫిల్లెట్’ అని అమ్మేదీ ఈ కుటుంబపు చేపే. హోటళ్లలో అపోలో ఫిష్ అని ఇష్టంగా తినే ముక్కలు కూడా చాలా చోట్ల ఇవే.

వంజరం, చందువ మంచి చేపలే. వంజరాన్ని ముల్లుతో కలిపి చక్రాల్లా కోస్తారు, చందువని పూర్తిగా అలాగే వండుతారు. ఓవెన్‌లో పెట్టవచ్చు, కానీ లెక్క వేరు. కానాగంత నూనె చేప, తెల్ల చేప కాదు. ఒమేగా-3 కొవ్వు కోసం చూసేవాళ్లకి అదే మేలు. ఈ వ్యాసంలోని నిమిషాలు దానికి పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు చెప్పాల్సిన మాట

చేప కోసే వాళ్ల చెయ్యి అలవాటుగా అడ్డంగా నరుక్కుంటూ పోతుంది. కత్తి ఎత్తకముందే చెప్పాలి: ‘‘అన్నా, అడ్డంగా ముక్కలు కొట్టొద్దు. నడిముల్లు వెంట నిలువుగా కోసి రెండు పలకలు తీసివ్వు. తోలు కూడా తీసెయ్యి. తల, ముల్లు విడిగా కవర్లో వెయ్యి.’’ ఖాళీ లేని ఆదివారం ఉదయం ఎవరూ ఈ పని చేయరు. మామూలు రోజు వెళ్తే చేస్తారు.

ఇక్కడ లెక్క చూసుకోవాలి. పచ్చి చేపలో తల, ముల్లు, తోలు, పేగులు పోను కండ సగం కూడా మిగలదు. తిలాపియాలో అయితే ఇంచుమించు మూడో వంతే. ఉదాహరణకు కిలో 400 రూపాయల చేప కొంటే 400 గ్రాముల కండ వచ్చిందనుకుందాం. అంటే బోన్‌లెస్ కిలో 1000 రూపాయలు పడ్డట్టు. ప్యాకెట్ రేటుతో పోల్చాల్సింది ఈ అంకెని, 400ని కాదు. అయితే తల, నడిముల్లు పారేసేవి కావు. వాటితో మర్నాటి పులుసు వెళ్లిపోతుంది. ఆ లాభం ప్యాకెట్లో లేదు.

ప్యాకెట్‌కి ఇంకో తిరకాసు ఉంది. చేప ఎండిపోకుండా పైన మంచు పొర పోస్తారు, దాన్ని గ్లేజింగ్ అంటారు. 20 శాతం గ్లేజింగ్ అని రాసి ఉంటే, మంచుతో కలిపి కిలో తూగిన దాంట్లో 200 గ్రాములు నీళ్లే. లేబుల్ మీద నెట్ వెయిట్ మంచు తీసేశాక ఉన్న బరువా కాదా చూడాలి. అనుమానం ఉంటే ఒక్కసారి కరిగించి, తుడిచి, ఇంట్లో తూచి చూస్తే ఆ బ్రాండ్ సంగతి తెలిసిపోతుంది. ముందే పిండి, మసాలా పట్టించిన ముక్కలైతే అందులో ఏం కలిపారో, హలాల్ ముద్ర ఉందో లేదో కూడా చదువుకోవాలి. ఒట్టి చేపకైతే జబీహా అవసరం లేదు కాబట్టి ఆ చింత లేదు.

చెరువుల ప్రాంతంలో ఉండేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చచ్చి తేలతాయి. అలాంటి సరుకు చవగ్గా బయటికొచ్చే అవకాశం ఉంటుంది. హనఫీ మస్‌లక్‌లో నీటిలో తనంతట తానే చనిపోయి వెల్లకిలా తేలిన చేపను తినరు. బయటి కారణంతో చచ్చిన దానికి హుక్మ్ వేరుగా చెబుతారు కాబట్టి, ఆ వివరం దగ్గరలోని ఆలిమ్‌ని అడగడం మంచిది. మస్‌లా ఎలా ఉన్నా, ఎప్పుడు చచ్చిందో తెలియని చేప ఓవెన్‌కి అసలు పనికిరాదు. కళ్లు ఉబ్బెత్తుగా మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. పులుసులో దాగిపోయే లోపం ఇక్కడ దాగదు.

ఫార్మలిన్ భయం కూడా చాలామందికి ఉంది. 2018లో ఆంధ్ర చేపల మీద ఈ ఆరోపణ వచ్చి అస్సాం కొన్నాళ్లు దిగుమతి ఆపింది, 2019 జనవరిలో పట్నాలోనూ అమ్మకాలు ఆపారు. అది రోజుల తరబడి లారీలో ప్రయాణించే సరుకు మీద వచ్చిన గొడవ. చెరువు పక్కన ఊళ్లో పొద్దున పట్టింది పొద్దునే కొనుక్కునే వీలుంది, ఆ వీలుని వాడుకోవాలి.

మట్టి వాసన ఎక్కడిది

చెరువు నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని బ్యాక్టీరియా కలిసి జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. తొలకరి వానకి నేల నుంచి వచ్చే వాసన కూడా దీనిదే. అక్కడ హాయిగా అనిపించేది చేపలో చేరితే మట్టి కంపు. ఇది ముఖ్యంగా చేప కొవ్వులో నిలుస్తుంది.

పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. అందుకే కృష్ణా జిల్లా చేపల పులుసులో చెరువు చేప కూడా కమ్మగా ఉంటుంది. చింతపండు అక్కడ రుచికి మాత్రమే కాదు, ఈ పని కూడా చేస్తోంది. ఓవెన్‌లో చింతపండు లేదు, నూనె లేదు, పైన పొర లేదు. చేప అసలు వాసన మొహం మీదకే వస్తుంది.

మందు ఇంట్లోనే ఉంది. తోలు తీయించాలి. కండ పలక మధ్యలో నిలువుగా కనిపించే ముదురు ఎరుపు చారను కత్తి మొనతో తీసేయాలి. తర్వాత పలచటి చింతపండు నీళ్లలోనో, రెండు నిమ్మకాయలు పిండిన నీళ్లలోనో పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో ఒక్కసారి కడిగేయాలి. పది నిమిషాలు దాటితే పులుపుకి కండ పైపైన తెల్లబడి, ఉడికినట్టు గట్టిపడుతుంది. సముద్రపు చేపకి ఈ పని అక్కర్లేదు.

తడి, ఉప్పు, అల్లం

కడిగాక తుడవాలి. ఓవెన్ చేపలో అన్నిటికంటే ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇదే. శుభ్రమైన పాత నూలు గుడ్డతో గానీ టిష్యూతో గానీ రెండు వైపులా అద్ది, చెయ్యి ఆనిస్తే తడి అంటకుండా చేయాలి. పైన నీళ్లుంటే ఓవెన్ వేడి ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ముక్క ఆ ఆవిరిలో ఉడుకుతుంది. ఫ్రీజర్ చేప అయితే ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెట్టి నెమ్మదిగా కరగనివ్వాలి. వేడినీళ్లలో పడేసి కరిగిస్తే కండలోని నీరంతా బయటికొచ్చేస్తుంది.

మసాలాలో ఒక జాగ్రత్త ఉంది. మాంసానికి అలవాటైన చెయ్యి అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించి రెండు మూడు గంటలు నానబెడుతుంది. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది. గోష్త్‌కి అది మేలు, అందులో కండను పట్టి ఉంచే పీచు ఎక్కువ. చేపలో ఆ పీచు చాలా తక్కువ. గంటల తరబడి నానితే కండ ముద్దలా అయిపోతుంది. బొప్పాయి అయితే ఇంకా ఘోరం. చేపకి వెల్లుల్లి ఎక్కువ, అల్లం చిటికెడు, నానబెట్టేది 15 నుంచి 20 నిమిషాలు. అంతకు మించి వద్దు.

అర కిలో కండకి కొలత ఇది: తలకొట్టిన ఒక టీస్పూన్ ఉప్పు, టీస్పూన్ కారం, అర టీస్పూన్ పసుపు, అర టీస్పూన్ మిరియాల పొడి, నూరిన వెల్లుల్లి ఒక టీస్పూన్, నూనె ఒక టేబుల్‌స్పూన్. నిమ్మరసం చివర్లో, ప్లేటులో. పిల్లలకైతే కారం సగం చేసి, నీళ్లు వడకట్టిన చిక్కటి పెరుగు రెండు స్పూన్లు పైన రాస్తే ముక్క మెత్తగా ఉంటుంది. పెద్దవాళ్లకి కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి గట్టిగా రుబ్బి పట్టించి అరటి ఆకులో చుట్టడం ఇంకో పద్ధతి. పార్సీల ‘పత్రా నీ మచ్ఛీ’ ఇలాంటిదే, కాకపోతే వాళ్లు ఆవిరి మీద వండుతారు. ఆకును ముందు మంట మీద ఒకసారి తిప్పితే చిరగకుండా మడత పడుతుంది. చాలామంది ఆకు బదులు అల్యూమినియం ఫాయిల్ వాడతారు. పులుపు, ఉప్పు నేరుగా ఫాయిల్‌కి తగలడం మంచిది కాదు, లోపల ఆకో బేకింగ్ పేపరో ఉండాలి.

బయటి దేశాల వంటల్లో తెల్ల చేపకి వైట్ వైన్ పోయమని రాస్తారు. అక్కడ దాని పని పులుపు, తడి ఇవ్వడమే. నాలుగు స్పూన్ల నీళ్లలో ఒక స్పూన్ నిమ్మరసం కలిపితే ఆ పని జరిగిపోతుంది.

వేడి, నిమిషాలు

ఓవెన్ అనేది మనకి కొత్త సూత్రమేమీ కాదు. బిర్యానీ దేగ్ కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి దమ్ వేసినట్టే. ఓటీజీలో కింది రాడ్డు, పై రాడ్డు రెండూ వెలిగే గుర్తు పెట్టుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ అయితే కన్వెక్షన్ మోడ్ వాడాలి. మైక్రో మోడ్‌లో పెడితే చేప వేగదు, ఉడుకుతుంది. ఆ మోడ్‌లో ఫాయిల్ అసలు పెట్టకూడదు.

200 డిగ్రీల సెల్సియస్. పది నిమిషాలు ఖాళీగా వేడెక్కించి, అప్పుడు ట్రే పెట్టాలి. ఇక టైమ్. దీన్ని బరువు చూసి నిర్ణయించకూడదు, మందం చూసి నిర్ణయించాలి. నాలుగు ముక్కలైనా ఆరు ముక్కలైనా, ఒకదానికొకటి తగలకుండా పరిస్తే టైమ్ దాదాపు ఒకటే. సెంటీమీటరు మందం ముక్కకి 7, 8 నిమిషాలు. రెండు సెంటీమీటర్లకి 11 నుంచి 13. మూడు సెంటీమీటర్లకి 16 నుంచి 18. ఆకులో చుడితే ఇంకో నాలుగైదు నిమిషాలు కలపాలి. చేప తోక వైపు పలచగా ఉంటుంది కాబట్టి ఆ కొసను కిందికి మడిచి పెడితే అది ముందే ఎండిపోదు.

చెప్పిన టైమ్‌కి రెండు నిమిషాల ముందే తలుపు తీసి చూడాలి. అన్నిటికంటే మందంగా ఉన్న చోట ఫోర్క్ గుచ్చి కొంచెం తిప్పితే కండ పొరలు పొరలుగా విడాలి, లోపల గాజులా మెరిసే పచ్చితనం పోయి పాలలా తెల్లగా ఉండాలి. వంట థర్మామీటర్ ఉంటే 63 డిగ్రీలు చాలు. పైన తెల్లటి పెరుగు తరకల్లాంటివి బాగా తేలాయంటే వేడి ఎక్కువైంది, లేదా టైమ్ దాటిపోయింది. బయటికి తీశాక కూడా రెండు మూడు నిమిషాలు లోపలి వేడికి చేప ఉడుకుతూనే ఉంటుంది. ‘ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే పోయేదేముంది’ అనే మాట కోడికి చెల్లుతుంది, చేపకి చెల్లదు.

ఇన్ని చెప్పినా ఒక్కో ఇంట్లో ఒక్కోలా రావడానికి కరెంటు కూడా కారణం. వేసవి సాయంత్రాల్లో వోల్టేజ్ 230 నుంచి 200కి పడిపోతే 1500 వాట్ల ఓవెన్ సుమారు 1130 వాట్లతోనే పనిచేస్తుంది. వేడెక్కడానికి పది నిమిషాలు చాలదు, పదిహేను పట్టొచ్చు. డయల్ మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉన్నట్టు కాదు. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ తికమక తీరిపోతుంది. ఇంకోటి: 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఐదారు ఆంపియర్ల చిన్న ప్లగ్గుకి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకూడదు. ఏసీకి, గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. కరెంటు ఖర్చు పెద్దదేం కాదు. వేడెక్కించడం, వండడం కలిపి 25 నిమిషాలు అనుకున్నా ముప్పావు యూనిట్ కూడా కాలదు.

రంజాన్‌లో

ఈ పద్ధతి ఎక్కువ పనికొచ్చేది ఇఫ్తార్‌కే. అసర్ తర్వాత నుంచి మగ్రిబ్ అజాన్ దాకా బాండీ ముందు నిలబడి ఒక్కో వాయి తీసే పని ఇంట్లో ఆడవాళ్లకి ఎంత కష్టమో, మే నెల రంజాన్లు చూసినవాళ్లకి తెలుసు. రెండు సెంటీమీటర్ల ముక్కలైతే మగ్రిబ్‌కి అర గంట ముందు ఓవెన్ ఆన్ చేసి, ఇరవై నిమిషాల ముందు ట్రే పెట్టాలి. మధ్యలో తిప్పే పని లేదు. ఆ కాసేపు దువాకో, ఖర్జూరాలు సర్దడానికో దొరుకుతుంది. రోజాలో అవసరం లేకుండా రుచి చూడటం మక్రూహ్ కాబట్టి ఉప్పు చెయ్యి అంచనాతో వేసి భయపడనక్కర్లేదు. అర కిలోకి తలకొట్టిన ఒక టీస్పూన్ అంటే బరువులో ఇంచుమించు ఒక శాతం, ప్రతిసారీ సరిపోతుంది. సన్న ఉప్పు కొలత ఇది, కల్లుప్పు అయితే పొడి చేసి కొలవాలి.

మిగిలితే మళ్లీ ఓవెన్‌లో వేడి చేయొద్దు, పీచులా అయిపోతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, సెహ్రీకి చేత్తో చిదిమి, ఉడికించిన బంగాళదుంప, ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి పెనం మీద కబాబ్‌లా కాల్చుకోవచ్చు.

ట్రే తీసిన వెంటనే ఓవెన్‌లో ఒక గిన్నె నీళ్లు, పిండేసిన నిమ్మ తొక్కలు పెట్టి పది నిమిషాలు వేడి చేసి, చల్లారాక తడి గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే మర్నాడు చేసే కేకులో చేప ఉందేమోనని పిల్లలు అడుగుతారు.